వెనక సీట్లో పడుకుని చూసిన నాయన

మొన్న మా అబ్బాయి నన్ను తిరుపతిలో ఒక కార్ల షోరూముకు తీసుకువెళ్ళాడు. మా ఇంటావిడకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, ఆసుపత్రి నుంచి చిత్తూరులో ఉన్న ఇంటికి తీసుకుపోవాలి, ఆ తర్వాత కూడా చూపించుకోవడానికి తిరుగుతూనే ఉండాలి, కాలు చాపుకుని వాలుగా పడుకునే ప్రయాణం చెయ్యాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. అంబులెన్సు పేరెత్తితేనే ఆవిడకు వణుకు, ఆ కూత వింటూ ఇల్లు చేరడం కంటే ఆసుపత్రిలోనే ఉండిపోతానంటుంది. కారు కొనాలని మావాడికి ఎటూ ఎప్పటినుంచో ఉంది కాబట్టి, బతుకంతా స్టీరింగు పట్టుకునే గడిపిన నన్ను వెంటబెట్టుకుని పోయాడు.

లోపల అడుగు పెట్టగానే ఏదో సెంటు వాసన గుప్పున కొట్టింది. ఒక మూల కొత్త కారుకు ఎర్రగుడ్డ కప్పి, దాని ముందు కేకు కోసి, ఆ కేకు ముక్కను కారు మూతికి చూపించి వీడియో తీయించుకుంటున్నారు ఎవరో మొగుడూ పెళ్ళాలు. ఛీ, టెంకాయ కొట్టి నిమ్మకాయలు తొక్కించే రోజులు పోయి కారుకు కేకు తినిపించే రోజులొచ్చాయా అనుకున్నాను. టెస్ట్ డ్రైవంటూ టై కట్టిన కుర్రాడు మమ్మల్ని నున్నటి బైపాసు మీద అటు తీసుకుపోయి ఇటు తీసుకొచ్చాడు, ఆ కాస్త సేపూ పాటలెలా మోగుతాయో పైకప్పు ఎలా తెరుచుకుంటుందో చూపించడంతోనే సరిపోయింది. ఒక్క గుంతల సందులోకి పోనీ నాయనా అంటే రూలు ఒప్పుకోదన్నాడు. అద్దం లాంటి రోడ్డు మీద పరీక్షేమిటి, నా మొహం! ఒళ్ళు మండిపోయి, షోరూము ముందుకు రాగానే వెనక తలుపు తీసి సీట్లో వెల్లకిలా పడుకున్నాను. కాళ్ళు బయటికి వేలాడాయి. అక్కడున్న కుర్రాళ్ళందరూ ఫోన్లు తీసి పకపకలాడుతూ వీడియో తీశారు. లేవబోతుంటే మా నాయన గుర్తుకొచ్చాడు.

అప్పటికి నేను పెళ్ళికాని వాణ్ణి, చిత్తూరులో ఒక బియ్యం మిల్లు ఆసామి దగ్గర లారీ తోలుతుండేవాణ్ణి. ఆ ఆసామికి అమెరికా కారు పిచ్చి పట్టుకుంది. కార్వేటినగరం పక్కన ఒక పెద్దింట్లో అలాంటిది అమ్మకానికి ఉందని తెలిసి, నాలుగు రోజులు తోలి చూసి చెప్పమని నన్ను పంపించాడు. మన తరం వాళ్ళు ఇప్పుడు అలాంటి కార్ల ఫొటోలు ఒకరికొకరు పంపుకుంటూ, ఆ రోజుల్లో కార్లంటే కార్లు అని మురిసిపోతుంటారు చూడండి, వాళ్ళలో ఒక్కడూ దాన్ని తోలిన పాపాన పోలేదు, నేను తోలాను. బయటికి చూస్తే కల్యాణ మంటపమంత పొడుగు, ముందంతా వెండి రంగు పళ్ళు, తలుపు తీస్తే కోళ్ళగంప. నిజంగానే కోళ్ళు కాపురం చేశాయి అందులో. రెట్టల కంపు, సీట్లలో కుళ్ళిన పీచు కంపు, వాటి మీద పెట్రోలు ఆవిరి. బ్రేకు తొక్కితే ఆలోచించుకుని ఆగేది, స్టీరింగు ఒక చుట్టు తిప్పితే గానీ చక్రం కదిలేది కాదు, పెట్రోలు మాత్రం ఎండాకాలం ఎద్దు కుడితి తాగినట్టు తాగేది. పైన పటారం, లోన లొటారం అంటారే, అది దాన్ని చూసే పుట్టిన మాటేమో. దాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ రోతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అవ్వ, అంటే మా నాయన తల్లి, గొడ్ల పాకలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక విరిగితే మా వైపు ఎవరికైనా ఎముకలు అతికించే పుత్తూరు ఆకుకట్టే దిక్కు. ఆలస్యం చేస్తే ఎముక వంకరగా అతుక్కుంటుంది, ఇక మంచానికే అంకితం. బస్సులో కూర్చోలేదు, ఎద్దుల బండి ఎక్కిస్తే ఆ కుదుపులకే ప్రాణం పోతుంది. ఆసామిని అడిగితే, ఎటూ తోలి చూడాల్సిందే కదా, మీ అవ్వనే ఎక్కించుకుని పో అన్నాడు పుణ్యాత్ముడు.

కారు ఇంటి ముందు ఆపగానే ఊరంతా మూగింది. మా నాయన సేద్యం తప్ప వేరే ఎరగని మనిషి, కారెక్కడం అదే మొదలు. ఇంజను వైపు చూడనైనా చూడకుండా వెనక తలుపు తీసి, ఎడమ కొసకు తల పెట్టి సీటు పొడుగునా పడుకుని, తోలమన్నాడు. చెరకు బండ్లు తిరిగి గాళ్ళు పడిన మట్టిదారిలో తార్రోడ్డు దాకా పోయి వచ్చాము. ఇంత మెల్లగా పోతే ఫరవాలేదు, అమ్మ తట్టుకుంటుంది అని తేల్చాడు. తీరా మంచం పట్టుకుని లేపబోయేసరికి అవ్వ తల ఏ దిక్కుకు వస్తుందని అడిగింది. పుత్తూరుకు తూర్పుగా పోవాలి, ఎడమ కొసంటే ఉత్తరం. ఉత్తరానికి తల పెట్టి పండుకోనంటే పండుకోనని మొండికేసింది. కదిలే బండిలో దిక్కులేమిటని నేను విసుక్కున్నాను.

“బండి కదిల్తే ఉత్తరం గూడా కదల్తాదేంరా?” అనింది అవ్వ.

కుడి కొసకు తల పెట్టుకుందామంటే కోళ్ళు గుడ్లు పెట్టిన చోటు అదే, పీచంతా చివికి స్ప్రింగు పైకి తేలింది. నాయన అటు తల పెట్టి మళ్ళీ పడుకున్నాడు. మొదటి గాడిలో దిగగానే స్ప్రింగు వీపులో దిగబడింది, అయినా ఆపమనకుండా రోడ్డు దాకా తోలించాడు. దిగేసరికి చొక్కాకు నెత్తురు. కుళ్ళిన పీచు చేత్తోనే పెరికి పారేసి, తన దిండు చించి బూరుగు దూది కూరి, పైన గడ్డి పరిచి, కంబళి మడిచి వేసి మూడోసారి పడుకున్నాడు. ఆ కంపుకూ ఆ ఊపుకూ తట్టుకోలేక గట్టు పక్కన దిగి భళ్ళున కక్కుకున్నాడు, మూతి కడుక్కుని మళ్ళీ వచ్చి పడుకున్నాడు.

ఎక్కించే ముందు అవ్వ ఆయన మొహంలోకి చూసి, “నువ్వు పండుకొని సూసినావా నాయనా?” అని అడిగింది. “సూసినామ్మా” అన్నాడు. అంతే, ఎత్తమని చేతులు చాపింది. బండెద్దుల నడకన తోలుకుంటూ పోతే కార్వేటినగరం దాటేసరికి నిద్రపోయింది. కట్టు కట్టించుకుని వచ్చేటప్పుడు ఆవిడ అడగకముందే మేమే తల రెండో కొసకు మార్చాము. మూడు నెలలు తిరక్కుండానే కర్ర పట్టుకుని నడిచింది. కారు కొనొద్దని మా ఆసామికి ఖచ్చితంగా చెప్పేశాను, ఏమైనా మంచి ఉందా అంటే వెనక సీటు ఒక్కటే అన్నాను.

మొన్న సాయంత్రం ఆసుపత్రికి పోయేసరికి షోరూములో నా విన్యాసం అప్పటికే ఫోన్లలోకి ఎక్కింది. వీల్లేదని నేను కసిరినా వినకుండా మావాడు నవ్వుకుంటూ తల్లికి చూపించాడు. పెళ్ళయిన కొత్తలో అవ్వ నోటనే ఈ కథ విన్నది ఆవిడ. రెండుసార్లు చూసింది, నవ్వలేదు.

“నీ కాళ్ళు బయటికొచ్చినాయి గానీ, నేను నీకంటే పొట్టి గదయ్యా. నాకు సరిపోతాది. ఆ కారే తెమ్మను” అనింది.

కార్లు బాగుపడ్డాయి, రోడ్లు బాగుపడ్డాయి, కాదనను. కానీ ఆ రోజు మా నాయన మూడుసార్లు పడుకుని లేస్తుంటే చుట్టూ ఊరంతా ఉంది, ఒక్కరూ నవ్వలేదు. ఆయన గట్టు పక్కన కక్కుకుంటుంటే పక్కింటాయన పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఈ కాలంలో అయితే ఆ పక్కింటాయన చేతిలోనూ ఫోనే ఉండేది.