పక్కింటి గ్రానీ అన్నగారి చిత్తు కాగితాలు

నిన్న మా అమ్మాయి ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. ఐర్లాండ్‌లో, వాళ్ళ జాతీయ గ్రంథాలయంలో, అద్దాల పెట్టెలో ఒక కాగితం. నిండా కొట్టివేతలే. "అమ్మా, ఇది మన గ్రానీ వాళ్ళ అన్నయ్యది కదూ?" అంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుని దణ్ణం పెట్టుకున్నాను.

గ్రానీ అంటే ఇక్కడ అమెరికాలో, ప్లేనో ఊళ్ళో మా పక్కింటి ఐరిష్ ఆవిడ. ఎనభై దాటాయి. ఈ దేశంలో నాకు డ్రైవింగ్ నేర్పిన పుణ్యాత్మురాలు. అన్నగారు వాళ్ళ దేశంలో పేరున్న కవి. ఆయన పోయాక కాగితాలన్నీ ఒక పెట్టెలో ఈవిడకి చేరాయి. గ్రంథాలయం వాళ్ళు వాటిని అడిగారు. జనం వలసపోయి చితికిన చిన్న దేశం, కవుల రాతల్ని దేవుడి నగల్లా దాచుకుంటుందట. "నేను పోయేలోగా ఇవి ఇల్లు చేరాలి" అనేది గ్రానీ. ఆవిడకి ఒకటే కొరత: అన్న అన్నిటి మీదా రాశాడు గానీ, అమ్మ గురించి ఒక్క ముక్క రాయలేదని.

సర్దిపెడతానని నేనే వెళ్ళాను. నేను బడి మొహం చూడలేదు. ఇంట్లో తాతయ్యే చదువు చెప్పారు. తప్పు పడితే కాగితం చింపి మళ్ళీ మొదట్నుంచి రాయించేవారు. రామకోటిలో కూడా కొట్టివేత ఉండకూడదు మాకు. అంచేత శుభ్రంగా టైపు చేసినవి ఫైళ్ళలో పెట్టి, గీతలూ టీ మరకలూ ఉన్నవన్నీ రీసైక్లింగ్ డబ్బాలో వేసి, ఎంతో భక్తిగా రోడ్డు పక్కన పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే ఫోను. "చిత్తు ప్రతులేవి?"

"చెడిపోయినవి కదా గ్రానీ, పారేశాను."

"పిచ్చిపిల్లా! మంచివన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. వాళ్ళడిగింది ఆ చెడిపోయినవే!"

చెత్తబండి అప్పటికే రెండిళ్ళ అవతల ఉంది. కుచ్చిళ్ళు ఎగదోపుకుని పరుగెత్తి డబ్బాని కావలించుకున్నాను. డ్రైవర్ ఒకటే హారన్. వెనక నుంచి గ్రానీ, "మీ దేవుడికైనా ఇంత శుభ్రం అక్కర్లేదేమో!" అని అరుస్తోంది.

గరాజ్‌లో కూర్చుని ఇద్దరం ఒక్కొక్కటే తీశాం. ఒక కాగితం దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పుస్తకంలో 'వాన' అని ఉన్నచోట, చిత్తులో 'అమ్మ' అని ఉంది. రాసి కొట్టేశాడు, మళ్ళీ రాశాడు, మళ్ళీ కొట్టేశాడు. అలా నాలుగుసార్లు.

"రాశాడు. ఉంచుకోలేకపోయాడు, అంతే," అంది నెమ్మదిగా. ఆ కాగితాన్ని ఎంతసేపు నిమిరిందో.

ఆవిడ పోయి మూడేళ్ళు. అన్నేళ్ళు ఆ పెట్టెలో ఓపిగ్గా కూర్చున్న కాలం, ఆ పొద్దున నాలాంటి దాని కోసం ఇంకో రెండు నిమిషాలు ఆగింది. నాకు ఎన్నో ఏళ్ళు ఇచ్చిన దేవుడికి, ఆ రెండు నిమిషాల కోసమే ఎక్కువ దణ్ణాలు పెడుతుంటాను.