ఎక్కక్కర్లేని చెట్టు

మా పెరట్లో కొబ్బరిచెట్టుకి దింపు లేదు. కాయ ముదిరి దానంతట అది రాలాల్సిందే. రాలినవి నేను ఏరుకుంటాను. దింపు తీసేవాళ్ళు వీధిలో పోతూ తల పైకెత్తి చూసి, "ఎక్కమంటారా అండీ?" అని అడుగుతారు. వద్దంటాను. పిచ్చిదనుకుంటూ పోతారు. అనుకోనీ. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఇదంతా మా అమ్మాయి రాస్తోంది. దానికీ కొంత తెలియదు, రాస్తూ తెలుసుకుంటుంది.

ఎందుకు ఎక్కనివ్వనో చెప్పాలంటే ముందు మా ఆయన చేసిన పని చెప్పాలి.

మా ఆయన చెట్లెక్కేవాడు. కోనసీమలో అది పెద్ద వింతేం కాదు, మా పేటలో సగం మంది మగవాళ్ళ పని అదే. కానీ మా ఆయన కాయలు దింపడానికి ఎక్కేవాడు కాదు. డెబ్భైల్లో మా ఊరికి దగ్గరలో ఒక సర్కారు కొబ్బరితోట ఉండేది. అక్కడ కొత్త రకం మొక్కలు పుట్టించేవారు. ఆ పుట్టించే పనికి కూలికి కుదిరాడు.

మన దేశవాళీ చెట్టు ఉందే, అది గట్టిది. గాలికి నిలబడుతుంది, కాయలో కొబ్బరి మందంగా ఉంటుంది. కానీ ఆకాశానికి పోతుంది. కాపుకి రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. గంగబొండం అని ఇంకో రకం. పొట్టిది, తొందరగా కాస్తుంది, నీళ్ళు తియ్యగా ఉంటాయి, కొబ్బరి మాత్రం పల్చన. ఈ రెండింటినీ కలిపితే పుట్టే చెట్టు తల్లి గట్టితనమూ తండ్రి తొందరా రెండూ తెచ్చుకుంటుందట. అలా కలపడమే మా ఆయన పని.

ఎలాగంటే, కొబ్బరి పూగెల మీద ఆడపువ్వులూ మగపువ్వులూ కలిసే ఉంటాయి. పుల్లల పొడుగునా వడ్లగింజల్లా ఉన్నవి మగవి. మొదట్లో గుండ్రంగా కూర్చున్నవి ఆడవి, అవే పిందెలు. గెల విచ్చుకోగానే ఎక్కి మగపువ్వులన్నీ గిల్లేయాలి. ఈగా తేనెటీగా వేరే చెట్టు పుప్పొడి మోసుకురాకుండా గెలకి గుడ్డసంచి తొడిగి కట్టేయాలి. తరవాత పిందెల మొనల మీద తేనె ఊరుతుంది. ఆ తేనె ఉన్నంతసేపే పిందె పుప్పొడి పట్టుకుంటుంది. అప్పుడు మళ్ళీ ఎక్కి, సీసాలో తెచ్చిన గంగబొండం పుప్పొడిని రబ్బరు బుడ్డితో సంచిలోకి ఊదాలి. పిందెలన్నిటికీ ఒక్కరోజే ఊరదు. ఈ రోజు దీనికి, రేపు దాని పక్కదానికి. అందుకని రోజూ ఎక్కాలి.

కాయలు దింపేవాడు వాన పడితే ఇంట్లో పడుకుంటాడు. కాయ ఎక్కడికి పోతుంది? మా ఆయనకి ఆ వీలు లేదు.

మా పెద్దాడపడుచు మొగుడు కూడా చెట్లెక్కేవాడే, దింపు మనిషి. నేను అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. మా ఆయన సాయంత్రం కాలువ గట్టు మీద నడిచి వస్తుంటే ఆయన దూరం నుంచే మొదలుపెట్టేవాడు.

"ఏరా పెళ్ళిళ్ళ పేరయ్యా! ఇవాళ ఎన్ని లగ్నాలు కుదిర్చేవేంటి?"

"లగ్నాలు నిన్ననే అయిపోయేయి బావా. ఇవాళన్నీ శోభనాలే."

"సిగ్గు లేదురా నీకు. పెళ్ళికూతుళ్ళు కొండెక్కి కూర్చుంటే నువ్వు మోసుకెళ్ళడమేంటి మొగుళ్ళని సీసాలో పెట్టి!"

"నీలాంటి మొగుడైతే సీసాలోనే ఉండాలి బావా" అని మా ఆడపడుచు వైపు చూసి కన్నుకొట్టేవాడు.

అందరం నవ్వేవాళ్ళం. అప్పటికి మా అమ్మాయి చంకలో ఉంది.

ఒకసారి నేనడిగాను, ఇంత తిప్పలు పడి ఆ మొక్కలు ఎవరి కోసమని. మా ఆయన అన్నం తింటున్నాడు.

"మన కోసమేనే. ఈ రకం ఊళ్ళోకొచ్చిందనుకో, ఇంక నాలాంటోడు ఎక్కక్కర్లేదు. నువ్వే కొంగు దోపుకుని నేల మీద నిలబడి కోసుకోవచ్చు."

"మరి నీకు పనెక్కడిది?"

"ఏం పని? అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటా."

"కూర్చోబెట్టి నీకు ఎవడు పెడతాడు?"

"నువ్వు పెట్టవా?"

పెడతానని నేను అనలేదు. పులుసు వడ్డించి ఊరుకున్నాను. మర్నాడు అనచ్చులే అనుకునే మాటలు చాలా ఉంటాయి మనిషికి.

తొలకరి రోజులు. తెల్లవారుజాము నుంచి ముసురు. పొద్దున్న కాస్త తెరిపిచ్చింది. కాళ్ళకి వేసుకునే తాడుబందం భుజాన వేసుకుని బయల్దేరాడు. చెట్లన్నీ పాకుడు పట్టి ఉంటాయి, ఈ పూటకి మానేయమన్నాను.

"తేనె ఊరిపోతోందే. రేపటికి మాడిపోద్ది."

"మాడనీ. ఆ చెట్టుకి ఇంకో గెల రాదా?"

"వస్తది. ఈ గెల రాదుగా."

అంతే అన్నాడు. చెట్టెక్కాడు, పుప్పొడి ఊదాడు, సంచి మూతి మళ్ళీ జాగ్రత్తగా కట్టాడు. ఇదంతా కిందున్నవాళ్ళు చూశారు. దిగేటప్పుడు కాలు జారింది. అమలాపురం ఆసుపత్రికని ఎడ్లబండి ఎక్కించారు. కాలువ వంతెన దాటకుండానే ప్రాణం పోయింది. సమాధుల తోటలో పెట్టాం. చర్చి అయ్యగారు ప్రార్థన చేస్తుంటే మా అమ్మాయి నా కొంగులో నిద్రపోయింది.

తరవాత ఆ సర్కారు కొబ్బరితోటలోనే నన్ను నారుమడికి నీళ్ళు పోసే పనికి పెట్టుకున్నారు. పోనని అనలేకపోయాను. వెళ్ళిన మొదటి రోజు ఆ చెట్టు చూశాను. మొవ్వు కింద గుడ్డసంచి అలాగే వేలాడుతోంది. మా ఆయన కట్టిన ముడి. సంచి విప్పే రోజు దాటిపోయినా ఎవరూ ఎక్కలేదు.

"ఆ చెట్టు మాత్రం మాకు చెప్పకండి బాబూ" అన్నారు కూలీలు. తోట చూసే సూపర్‌వైజరు గారు కూడా బలవంతం చేయలేదు.

ఎండకీ గాలికీ ఆ సంచి నల్లబడి, పీలికలై, ఒకరోజు ఊడి ఎగిరిపోయింది. చూస్తే లోపల పిందెలు నిలిచి ఉన్నాయి. నీళ్ళ బిందె పక్కన పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాను. ఊదినవాడు మట్టిలో ఉన్నాడు, పిందెలు పైన ఊరుతున్నాయి. అవి బొండాలైనన్నాళ్ళూ, ముదిరి ఎండుకాయలైనన్నాళ్ళూ ఆ చెట్టు కిందుగానే నీళ్ళు మోశాను.

కాయలు తయారయ్యాక అన్నయ్యగారు వచ్చాడు. "నేనెక్కుతానండి. మా వోడి కాయలు" అన్నాడు సూపర్‌వైజరు గారితో. కాయ కిందికి విసరలేదు, గెలకి తాడు కట్టి మెల్లిగా దించాడు. దిగాక బందం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ కాయలు నేనే ఇసకలో పడుకోబెట్టాను. నేనే తడిపాను. మొలకలొచ్చి ఆకులు విడ్డాక సూపర్‌వైజరు గారు వంగి ఒక్కొక్కటీ పట్టి చూశారు. మొదలు లావుగా, మట్ట పొట్టిగా ఉన్నవి మంచివట. అందులో ఒకటి పీకి నా చేతికిచ్చారు.

"ఇది నీదమ్మా. పట్టుకెళ్ళు."

"ఆయ్" అన్నాను.

కాలువ గట్టు మీద మా పాక పక్కన గొయ్యి తీసి, బూడిదా ఉప్పూ వేసి పెట్టాను. పిల్లా మొక్కా కలిసి పెరిగాయి. మా ఆయన చెప్పినట్టే, మా అమ్మాయి పలకా బలపం పట్టేసరికి చెట్టు గెల వేసేసింది. గెల నా గుండెల ఎత్తున ఉంది. కాయలు బొప్పాయిల్లా కొంచెం కోలగా, నీళ్ళు తియ్యగా. మా అమ్మాయి దాన్ని నాన్న చెట్టు అనేది. తండ్రి ముఖం దానికి జ్ఞాపకం లేదు, ఫొటో కూడా లేదు. ఎవరైనా మీ నాన్నేడే అంటే చెట్టు చూపించేది. మునివేళ్ళ మీద లేచి, కాయ మెలితిప్పి, తనే కోసేది.

అన్నయ్యగారు వచ్చినప్పుడల్లా దాని మొదట్లో కూర్చునేవాడు. "వాడన్నట్టే అయ్యిందే చెల్లెమ్మా. నా పనికి నీళ్ళొదిలేడు ఎదవ" అనేవాడు. నవ్వబోయి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

ఎనభైల్లో కాలువ వెడల్పు చేస్తామని వచ్చారు. గట్టు మీద పాకలన్నీ తీసేయాలన్నారు. ఊరవతల కాలనీలో స్థలాలిస్తామన్నారు, ఇచ్చారు కూడా. మా పాక పోతే పోయింది, నాలుగు తాటాకులే కదా. చెట్టు ఎలా పట్టుకెళ్ళను?

అప్పుడు నాకో ఆలోచన తట్టింది. చెట్టు పోయినా దాని పిల్ల ఉంటుంది కదా. ముదురు కాయలు ఏరి, ఆనాడు మా ఆయన కాయల్ని పెట్టినట్టే ఇసకలో పడుకోబెట్టాను. మొలిచాయి. అందులో బలంగా ఉన్న మొక్కని గోనెగుడ్డలో చుట్టుకుని సూపర్‌వైజరు గారికి చూపించడానికి వెళ్ళాను, పెళ్ళివారి ఇంటికి వెళ్ళినట్టు.

ఆయన మొక్క చూశారు, నా ముఖం చూశారు.

"ఇది ఆ చెట్టు కాయదా అమ్మా?"

"ఆయ్. మా ఆయన చెట్టుదేనండి."

"ఇది దానిలాగా రాదమ్మా."

"అదేంటండి బాబూ! దాని కడుపున పుట్టిందేగా?"

"పుట్టిందే. కానీ మీ ఆయన చేసిన కలయిక ఒక్క తరానికేనమ్మా. రెండు రకాల గుణాలూ సరిగ్గా కలిసేది ఆ ఒక్క మొక్కలోనే. దాని పిల్లల్లో అవి మళ్ళీ విడిపోతాయి. ఒకటి తాత పోలిక, ఇంకోటి అమ్మమ్మ పోలిక. పైగా దాని గెలకి మనం సంచి కట్టలేదు కదా, ఏ చెట్టు పుప్పొడి పడిందో ఎవరికి తెలుసు? అందుకే ఎప్పటికప్పుడు ఎక్కి కొత్తగా కలుపుతూ ఉండాలి."

"అయితే ఆ రెండు చెట్లనే మళ్ళీ కలిపించండి బాబూ. ఎవరో ఒకరి చేత. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆయన నన్ను తోట లోపలికి తీసుకెళ్ళారు. మా ఆయన ఎక్కిన తల్లిచెట్టు లేదు. మొదట్లో ఎర్రగా బంక కారే తెగులొచ్చి చచ్చిపోయిందట. మోడు కూడా తీసేసి అక్కడ కంద వేశారు. నేను ఆ తోటలో పని మానేసి అప్పటికి చాలా కాలమైంది, నాకెవరూ చెప్పలేదు. మా ఆయన పడిన చోటు ఎక్కడో గుర్తుపట్టలేకపోయాను. కంద ఆకులు గొడుగుల్లా పరుచుకుని ఉన్నాయి.

"పెట్టుకోమ్మా. కాపైతే కాస్తుంది" అన్నారు ఆయన, నా చేతిలో మొక్క చూపించి.

గట్టు ఖాళీ చేసే రోజు అన్నయ్యగారు గొడ్డలి తెచ్చాడు. "పరాయోడి చేత కొట్టించను" అన్నాడు. ముందు నేల మీద నిలబడి, చెయ్యి చాచి, గెలలన్నీ కోసి మా అమ్మాయి ముందు పెట్టాడు. అప్పుడు కూడా ఎక్కక్కర్లేకపోయింది. చెట్టు పడ్డాక మట్టలు కొట్టి మొవ్వు తీశాడు. కొబ్బరిమొవ్వంటే పేటలో పిల్లలు ఎగబడతారు. తెల్లగా, లేతగా, పాలకోవాలా ఉంటుంది. అందరికీ ముక్కలు పంచాడు. మా అమ్మాయి ముట్టుకోలేదు. నాకో ముక్క ఇచ్చాడు. తిన్నాను. తియ్యగా ఉంది. ఏడుస్తూనే మొత్తం తిన్నాను.

కాలనీలో ఇంటి వెనక ఆ మొక్కని పెట్టాను. సూపర్‌వైజరు గారు చెప్పింది మా అమ్మాయికి చెప్పలేదు. ఆయన మాట తప్పాలని దేవుణ్ణి అడిగాను. తప్పలేదు. మొక్క ఏటేటా పైకే పోయింది. మా అమ్మాయి ఏడాదికోసారి దాని పక్కన నిలబడి, ఇంకా గెల వేయలేదేమని అడిగేది. తాను పెద్దమనిషైంది, పై క్లాసులకి వచ్చింది, చెట్టు మాత్రం పూత మాట ఎత్తదు. చివరికి గెల వేసిననాడు అది మా ఇంటి కప్పు దాటి పైన ఉంది. కాయలు చిన్నవి, గుండ్రంగా. అచ్చం ఆ తోటలో తల్లిచెట్టు పోలిక. మా ఆయన జారిపడిన చెట్టు పోలిక.

కాయలు ముదిరాక అన్నయ్యగారు తాడుబందం పట్టుకుని వచ్చాడు. అప్పటికి మనిషి వంగిపోయాడు.

"ఎక్కనా చెల్లెమ్మా?"

"వద్దు అన్నయ్యగారూ."

"నేను కాకపోతే కుర్రోణ్ణి ఎవణ్ణైనా పంపుతాను."

"ఎవరూ వద్దండి."

"అదేంటమ్మా, కాయలు ఎండిపోయి రాలిపోతాయి!"

"రాలనీండి."

ఆయన చెట్టు కేసి పైదాకా చూశాడు. బందం చుట్టచుట్టి సంచిలో పెట్టుకున్నాడు. మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

మా అమ్మాయి అంతా వింది. "ఇది నాన్న చెట్టు కాదా అమ్మా?" అంది.

"నాన్న చెట్టు పిల్లే. నాన్న చెప్పిన చెట్టు మాత్రం కాదు" అన్నాను. దానికి అర్థమైందో లేదో. ఇప్పుడు రాస్తూ పెన్ను ఆపింది, అయ్యే ఉంటుంది.

వాన కురిసిన పొద్దున్న తలుపు తీయగానే ముందు దాని వైపే చూస్తాను. బోదె నల్లగా తడిసి ఉంటుంది. పైదాకా చూస్తాను. ఎవరూ ఉండరు. అప్పుడు వెళ్ళి పొయ్యి వెలిగిస్తాను.