కోరరాళ్ళ దీపం

పది లెక్కపెట్టేసరికి రావలసిన వెలుగు ఆ రాత్రి పదమూడుకు వచ్చింది. భయమంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

నిన్న రాత్రి మాదాపూర్‌లోని మా అద్దె ఇంట్లో కరెంటు పోతే లాంతరు వెలిగించాను. కిరోసిన్ వాసనకు నాన్న చొక్కా గుర్తొచ్చింది. పగలంతా బండలు పేల్చిన దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది. చీకటికి భయపడి చెరోవైపు అతుక్కున్న పిల్లలకు ఈ కథే మొదలుపెట్టాను.

మా ఊరి ఒడ్డు నుంచి చూస్తే దూరంగా సముద్రంలో, ఓడల అడుగులు చీల్చే కోరరాళ్ళ మీద, తాతల కాలంనాటి దీపస్తంభం ఒంటరిగా నిలబడి ఉండేది. నాన్న, పక్కింటి దానియేలు మామ నెలల తరబడి అక్కడే కాపలా. ఆ దీపం వెలిగాకే మా రెండిళ్ళలో అన్నాలు. తరవాత వసారాలో ఉప్పుగాలికి చెమ్మగిల్లిన చాప మీద పడుకుని, మూసిన రెప్పల మీదుగా పాకి వెళ్ళే ఆ వెలుగుకీ మళ్ళీ వచ్చే వెలుగుకీ మధ్య పది లెక్కపెడుతూ నిద్రపోయేదాన్ని.

ఆరోజు అట్లతద్ది మర్నాడు. ముసురు. మామ భార్య మరియమ్మత్త మా వసారాలోనే కూర్చుని, మిగిలిన అట్లు బెల్లం పాకంలో ముంచి నాకు పెడుతోంది. లెక్క తప్పగానే అమ్మ, అత్త ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దీపాన్ని తిప్పే యంత్రం ఆగిపోయి ఉంటుందనీ, మగవాళ్ళిద్దరూ వంతులేసుకుని చేత్తో తిప్పుతున్నారనీ అమ్మ చెప్పింది. కాసేపు పదమూడు, కాసేపు ఎనిమిది. అన్నం కూడా మెతుకు మెతుకూ ఏరినట్టు తినే నాన్నది పదమూడు. నడిచినా పరిగెత్తినట్టుండే మామది ఎనిమిది.

అర్ధరాత్రి దాటాక ఎనిమిది ఇక రాలేదు. పదమూడు, మళ్ళీ పదమూడు.

"ఇప్పుడెవరు తిప్పుతున్నారొదినా?" అంది అత్త.

"మీ ఆయనేనమ్మా. అలిసిపోయుంటాడు, అందుకే నెమ్మది. పడుకో."

అత్త నా పక్కన ఒరిగింది.

కథ ఇక్కడికి వచ్చేసరికి పిల్లలు నిద్రపోయారు. మిగతాది వాళ్ళకు చెప్పలేదు. తెల్లారాక పడవ వెళ్ళి నాన్నను ఒక్కడినే తెచ్చింది. రాత్రి స్తంభం దగ్గర కట్టిన తమ పడవ తాడు బిగించడానికి పాచిమెట్లు దిగిన మామను అల తీసుకుపోయిందట. ఇప్పుడక్కడ కాపలావాళ్ళు లేరు. దీపం దానంతటదే వెలిగి ఆరుతుంది, ఒడ్డున లెక్కపెట్టేవాళ్ళూ లేరు. అమ్మకు కూడా నేను ఎన్నడూ చెప్పనిది ఒకటుంది. ఆ రాత్రంతా కళ్ళు మూసుకున్న అత్త వేలు నా వీపు మీద నెమ్మదిగా తడుతూనే ఉంది, వెలుగు వెలుగుకీ పదమూడేసి సార్లు.

పొద్దున బడికి జడ వేస్తుంటే మా పెద్దది అడిగింది. దానికి ఇక్కడి పిల్లల మాటే వచ్చేసింది.

"అమ్మా, మరి ఆ అత్త పండుకున్నదా?"

"పడుకుంది తల్లీ" అన్నాను. "హాయిగా పడుకుంది."