ఇస్త్రీ అక్క మాత్రలు

ఆ రోజుల్లో తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉండేది. ఏ రోజు బస్సులు తిరుగుతాయో, ఏ రోజు తిరగవో ఎవరికీ తెలిసేది కాదు. నాకు మాత్రం అన్నీ తెలుసనుకునేదాన్ని. ఇరవై రెండేళ్లు, చేతిలో నర్సింగ్ సర్టిఫికెట్, కొత్తగా కుట్టించుకున్న తెల్లకోటు, ఇంకేం కావాలి? మాది ఒంగోలు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటూ ఎల్బీ నగర్‌లోని ఒక చిన్న సర్కారు దవాఖానలో చేరాను. టీబీ మందులు మధ్యలో ఆపేసినవాళ్లను వెతికి పట్టుకుని మళ్లీ దారిలో పెట్టడం నా పని. (వాళ్లు దారి తప్పారనీ, ఆ దారి నాకు తెలుసనీ అప్పటి నా నమ్మకం.)

అలా నా చేతికి మొదట చిక్కిన మనిషి ఇస్త్రీ అక్క. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులో బండి పెట్టుకుని ఇస్త్రీ చేసేది. భర్త పోయాడు, కూతురు ఇంటర్ చదువుతోంది. రోజు విడిచి రోజు దవాఖానకు వచ్చి మా ఎదురుగా మాత్రలు మింగాల్సిన మనిషి రెండు వారాలుగా కనిపించలేదు. నేను నేరుగా బండి దగ్గరికే వెళ్లి, బట్టల కోసం నిలబడ్డ నలుగురి ముందూ గొంతెత్తాను. "టీబీ మందులు మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో తెలుసా మీకు?" ఆమె తలెత్తలేదు. చేతిలో ఇస్త్రీపెట్టె కూడా ఆగలేదు. "తెల్సు సిస్టరమ్మా. నువ్ పో, నేనొస్త," అంది మెల్లగా. పాఠం బాగా ఎక్కిందని సంబరపడుతూ వచ్చేశాను.

అన్నట్టుగానే మర్నాడు పొద్దున్నే వచ్చింది. "ఈ టైములో పని ఉండదా అక్కా?" అని నవ్వుతూ అడిగాను.

"ఏడుంది పని? నిన్న పొద్దుగూకే లోపట్నే బట్టలన్నీ వాపస్ తీస్కపోయిండ్రు. రెండో అంతస్తు ఆంటీ అయితే చేతికి కవర్ తొడుక్కోని మరీ తీస్కపోయింది," అంది. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "మీ దవాఖాన తెరిచేది తొమ్మిదికి. నా గిరాకీ ఏడు నుంచి పది దాంక. బండి ఇడిసిపెట్టి ఒచ్చి ఈడ లైన్ల కూసుంటే, జూసేటోళ్లు గూడ గా అపార్ట్‌మెంటోళ్లే. గందుకే రాలే."

నేను లోపలి గదిలోకి వెళ్లి, దూది డబ్బాల పక్కన కూర్చుని ఏడ్చాను. మా పెద్ద సిస్టర్ వచ్చి విషయమంతా విని, ఓదార్పు జోలికి పోలేదు. "ఏడ్చుడు తర్వాత. ముందు ఆమె బండి మీద బట్టలు వెట్టు. గోలీలు నువ్వే తీస్కపో," అంది.

ఆ మర్నాటి నుంచి తెల్లకోటుతో సహా నా బట్టలు ఇస్త్రీకి పట్టుకుని పొద్దున్నే బండి ముందు నిలబడ్డాను. నా బట్టలు రెండు రోజుల్లో అయిపోయాయి. తర్వాత నా రూమ్మేటువి, తర్వాత దుప్పట్లు, తువ్వాళ్లు, చివరికి దిండు గలీబులు. "గలీబులకు ఇస్త్రీ ఏంది సిస్టరమ్మా, పరేషాన్ గాకుంటే!" అనేది ఆమె. దారినపోయే ప్రతివాళ్లతోనూ "బట్టలతో టీబీ రాదండీ, నేనే ఇస్తున్నాను చూడండి" అనేదాన్ని. (ఆమె పేరు ఎత్తకుండా, గొంతు తగ్గించి. అదైనా నేర్చుకున్నాను.) మాత్రల రోజున ఆమె బండి వెనక్కి తిరిగి నీళ్లతో మింగేసేది. ఒక్కొక్కరుగా కొందరు తిరిగొచ్చారు. ఆంటీ రాలేదు.

ఒక మాత్రల రోజున బంద్ వచ్చిపడింది. బస్సుల్లేవు. బట్టల మూట నెత్తిన పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడక మొదలుపెట్టాను. కొత్తపేట దగ్గర రోడ్డు నిండా జనం, నినాదాలు. "బంద్ నాడు మూటేంది అక్కా?" అని ఒకతను అడ్డం వచ్చాడు. "ఇస్త్రీకండీ," అన్నాను. ఆ ఆంధ్రా 'అండీ' వినగానే పదిమంది ఇటు తిరిగారు. కంగారులో మూట జారి, బట్టల మధ్య దాచిన మాత్రల అట్ట రోడ్డు మీద పడింది. కండువా వేసుకున్న ఒక పెద్దాయన దాన్ని తీసి తిప్పి చూశాడు. "గివి టీబీ గోలీలు గదా. ఎవరియి?"

చుట్టూ యాభై మంది. అందులో ఆ అపార్ట్‌మెంట్ల వాళ్లు ఎవరున్నారో తెలియదు.

"నావే," అన్నాను.

జనం గబగబా వెనక్కి జరిగారు. (హైదరాబాద్‌లో అంత వెడల్పు దారి నాకు మళ్లీ ఎప్పుడూ దొరకలేదు.) పెద్దాయన మాత్రం జరగలేదు. అట్టను నా చేతిలో పెట్టి, "మా అమ్మ గూడ ఆర్నెల్లు మింగింది. నడుమ ఇడిసిపెట్టకు బిడ్డా," అన్నాడు. నన్ను ఇంకెవరూ ఆపకుండా జనం దాటేదాకా పక్కనే నడిచాడు.

ఆ జనంలో మా హాస్టల్ అమ్మాయి ఒకతి ఉందని సాయంత్రం తెలిసింది. భోజనానికి కూర్చోబోతే నాకొక వేరే కంచం, వేరే గ్లాసు. రూమ్మేటు పరుపు పక్క గదికి చేరిపోయింది. "నావి కాదే, పేషెంటువి," అన్నాను దాంతో. "మరి అక్కడ నావే అన్నావంటగా?" అంది. నిజమే కదా. మొదటిరోజు కోపంతో తిన్నాను. రెండోరోజు ముద్ద దిగలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు, నేను వస్తే కొంచెం జరిగేవాళ్లు, అంతే.

ఇదంతా ఇస్త్రీ అక్కకు చెప్పాను. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నడుం పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. నవ్వు ఆగాక అడిగింది. "నా పేరు చెప్పలేదా?"

"లేదక్కా."

డబ్బా తెరిచి, జొన్నరొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టింది. ఇద్దరం బండికి ఆనుకుని తిన్నాం.

ఆరునెలలూ నిండాయి, పరీక్షలో జబ్బు లేదని తేలింది. అయినా పోయిన ఇళ్లలో సగం తిరిగి రాలేదు. ఆమె బండిని బడంగ్‌పేట్ వైపు, కొత్త ఇళ్ల మధ్యకు మార్చుకుంది. నేను చేసిన తప్పును నేను పూర్తిగా దిద్దలేకపోయాను, అది అలాగే ఉంది. కానీ మూటతో నడిరోడ్డు మీద నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది. 'ఒక పేషెంటువండీ' అంటే సరిపోయేది కదే పిచ్చిదానా, అనుకుంటాను.