గవర్నరు ఎవరి మనిషి?

ప్రొద్దుటూరు బజారులో మిఠాయి అంగడి ముందు నిలబడితే, కాగుతున్న బెల్లం పాకంలో వేయించిన శెనక్కాయ పప్పులు పడే వాసన ఇప్పటికీ నన్ను జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డునున్న మా ఊరికి, మా నాయన తల్లి జేజి వంటింట్లోకి తీసుకుపోతుంది. కొత్త కాయలు ఇంటికొచ్చే కాలంలో, గడప బయట పిల్లలం అచ్చనగండ్లు ఆడుకుంటుంటే, జేజి పొయ్యి ముందు కూర్చుని, అరచేతులకు నీళ్లు అద్దుకుంటూ వేడి వేడి పాకాన్ని ఉండలు చుట్టేది. అవి మాకు కాదు. కడప జైలులో ఉన్న చిన్నాయనకు.

ఊళ్లో జరిగిన కొట్లాటలో వీధి చివరి ఓబుళమ్మ భర్త చనిపోయాడు. ఆ కేసులో చిన్నాయనకు యావజ్జీవం పడింది. నేను ఆరో తరగతికి వచ్చేనాటికి, సత్ప్రవర్తన మీద విడుదలయ్యేవాళ్ల జాబితాలో ఆయన పేరు చేరిందని, ఇక గవర్నరు సంతకమే మిగిలిందని ప్రొద్దుటూరు లాయరు చెప్పాడు. ఆ రోజు నుంచి జేజికి గవర్నరు మీద అనుమానం పట్టుకుంది.

"ఆయప్ప ఎవురి మనిషి? మనం ఓటేసినామా?" అని నన్ను అడిగింది.

నేను సాంఘికశాస్త్రం పుస్తకం తెచ్చి చదివి వినిపించాను: గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ప్రమాణం చేయిస్తారు, పదవీకాలం ఐదేళ్లు, కానీ రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతవరకే, తప్పుకోవాలంటే రాజీనామా లేఖ రాష్ట్రపతికే పంపాలి. జేజి కందిపప్పులో రాళ్లు ఏరుతూ అంతా విన్నది.

"కూర్చోమంటే కూర్చునేటోడు, లెయ్యమంటే లేసేటోడు. మనోని కాగితం చూసేదాకా ఉంటాడో లేదో" అంది.

అన్నట్టే, ఐదేళ్లు నిండకముందే గవర్నరు మారాడని ఒక పొద్దున రేడియోలో వార్త వచ్చింది. జేజి ఆ పూట పొయ్యి వెలిగించలేదు. మనిషి మారినా కుర్చీ మారదని, ఫైలు అక్కడే ఉంటుందని లాయరు చెప్పినా నమ్మలేదు. ఓబుళమ్మ వాళ్లే ఆయన్ని మార్పించారని, కొత్తాయన వాళ్ల మనిషేనని గట్టిగా అనుకుంది. హైదరాబాదులో ఉండే గవర్నరుకు మన ఊరి పేరు కూడా తెలియదని మా నాయన ఎంత చెప్పినా వినలేదు.

పిండిమిషను దగ్గర వంతు కోసం కూర్చున్న రోజు ఓబుళమ్మ నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "కొత్త గవర్నరు మీకు ఏమవుతాడు పాపా? మీవాళ్లే తెప్పించినారంట."

ఆమె కళ్లలోనూ అచ్చం జేజి చూపే. నా వంతు అయ్యాక జొన్నపిండి ఎత్తుకుని వచ్చేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ గణతంత్ర దినోత్సవానికి, కొత్త గవర్నరు సంతకంతోనే చిన్నాయన విడుదలయ్యాడు. మా నాయన వెంట బస్సు దిగి, నెరిసిన తలతో నడిచివస్తుంటే వీధంతా తలుపుల దగ్గర నిలబడింది. ఓబుళమ్మ కూడా. జేజి కొడుకు తల నిమిరి ఏడ్చింది. అంతలోనే ముఖం బిగించుకుంది.

"ఇంత సులబంగా ఇడిసిపెట్టినారంటే, బయటికి తెచ్చి సంపేదానికే. నువ్వు ఈడ ఉండొద్దు నాయనా."

వండిన అన్నం మూట కట్టి, మధ్యాహ్నం బస్సుకే పులివెందులలో మా అత్త ఇంటికి పంపేసింది.

సాయంత్రం నీళ్లకు పోతుంటే ఓబుళమ్మ నన్ను ఆపింది. "ఈ గవర్నరు ఇంగా ఎన్నాళ్లుంటాడు పాపా?"

"ఐదేండ్లు. రాష్ట్రపతికి ఇష్టముంటే" అన్నాను, పుస్తకంలో ఉన్నట్టే.

"సచ్చిపోయిన మా ఇంటాయప్పకు ఆ ఐదేండ్లు కూడా ఎవురూ ఇయ్యల్యా" అని ఆమె లోపలికి పోయింది.

ఇప్పుడు గవర్నరు ఉండేది విజయవాడలో. పొద్దున్నే వార్తల కోసం రేడియో చుట్టూ చేరే మనుషులు లేరు, అరుగుల మీద శెనక్కాయల రాశులు లేవు, జేజీ లేదు, ఓబుళమ్మా లేదు. ఇన్నేళ్లలో చిన్నాయన కోసం కత్తి పట్టుకుని ఎవరూ రాలేదు. పోయినసారి పులివెందులలో ఆయన చీనీతోటకు వెళ్లి, బత్తాయి చెట్ల మధ్య ఆయన ఇంట్లో కూర్చున్నప్పుడు, టీవీలో ఎవరో కొత్త గవర్నరు ప్రమాణం చేస్తున్నాడు. చిన్నాయన కాసేపు చూసి ఆపేశాడు.

"నన్ను ఇడిపించినాయప్ప పేరు కూడా నాకు తెలీదు. సంతకమైతే పెట్టినాడు. మా యమ్మే నమ్మల్యా. ఇంట్లో ఒక్క పూట కూర్చోనీల్యా" అన్నాడు.