నా ఆటలో అమ్మ దుకాణం

ఆ ఆన్‌లైన్ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చింది కూర్చోవడం. నవ్వకండి. కత్తులూ, మంత్రాలూ, నిప్పులు కక్కే జంతువులూ ఇలాంటి ఆటలన్నిట్లోనూ ఉంటాయి. ఇందులో మాత్రం దెబ్బలు తిని ప్రాణం మీదికొస్తే ఏదో ఒక గోడ నీడన చతికిలబడాలి. కూర్చుంటే సత్తువ మెల్లగా తిరిగొస్తుంది. పక్కన ఇంకెవరో వచ్చి కూర్చుంటారు. ఏ దేశం వాళ్లో తెలియదు. వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు మాటలు అనుకుని ఎవరి దారిన వాళ్లం పోతాం. విజయనగరంలో డిగ్రీ చదివే రోజుల్లో, కాలేజీ ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో మొదలుపెట్టాను. ఇప్పుడు భోగాపురం దగ్గర మా ఊళ్లో, ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేసుకుంటూ అదే ఆట ఆడుతున్నాను. బొమ్మలు పాతబడ్డాయి, ఆడేవాళ్లు పల్చబడ్డారు. "ఇంకా ఇదేనా?" అని ఎగతాళి చేసిన వాళ్లతో మాటలు మానేసిన రోజులు కూడా ఉన్నాయి. నా కోపం అలాంటిది.

మా అమ్మ చేపలు అమ్ముతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పొద్దున్నే ఒడ్డుకి వెళ్లడం, గంప నింపుకోవడం, ఆటో ఎక్కి లోపలి ఊళ్లు తిరగడం, ఇదే ఆవిడ బతుకు. మొన్న వానాకాలంలో ఒడ్డున జారి పడి మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక చూస్తే కాలు కర్రలా బిగుసుకుపోయి ఉంది. కసరత్తులు చేయించడానికి వారానికోసారి ఒక అమ్మాయి వచ్చేది. ఆ అమ్మాయి మొహమాటం లేకుండా చెప్పేసింది.

"ఆంటీ, మంచం అంచున కూచుని రోజూ కాలు వంచాల. నెల తిరిగేసరికి నీ మడమ మంచం కిందకి రావాల. రాకపోతే ఇంక ఆ కాలు అంతే."

అమ్మ మొండికేసింది. నొప్పి నిజమే, కానీ అదొక్కటే కాదు. "వంచి ఏటి సేస్తాను? నా వాడుకలన్నీ ఈపాటికి ఇంకోల దగ్గర కొనుక్కుంటంటాయి" అనేది. వాడుకలంటే ఏళ్ల తరబడి ఆవిడ దగ్గరే చేపలు కొనే ఇళ్లు. నేను బతిమాలాను, తిట్టాను, కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. గోడతో చెప్పినట్టే అయింది.

తోచక నా పక్కన కూర్చుని ఆట చూడడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆటలో నా బొమ్మ కాళ్లీడ్చుకుంటూ నడుస్తోంది.

"ఇదేటే గుంటా, అలా కుంటుతాదేటి? దీనికీ సిప్ప పగిలిందేటి?"

బరువెక్కువైందని చెప్పాను. ఈ ఆటలో ఎంత దొరికితే అంత సంచిలో కుక్కుకుంటే కుదరదు. మోయగలిగినంతే మోయాలి, మించితే నడక మందగిస్తుంది. అమ్మకి అది తెగ నచ్చింది. "ఈ ఆట కట్టినోడెవడో గాని, ఎప్పుడో గంప మోసే ఉంటాడు" అంది. ఆ ఆటలోని బజారు అంతకన్నా నచ్చింది. అమ్ముకోవాలంటే మనమే వెళ్లి వీధిలో కూర్చోవాలి, ఏమున్నాయో బోర్డు రాసి నెత్తి మీద పెట్టుకోవాలి. కావలసినవాడు నడుచుకుంటూ వస్తాడు, బేరమాడతాడు. అమ్మ ఆ వీధిలో కూర్చున్న బొమ్మలన్నిటినీ చూసి, ఎవరు చోటు బాగా చూసుకున్నారో, ఎవరు మూల కూర్చుని చెడిపోతారో వరసగా చెప్పేసింది. నన్ను వీధి చివర వంతెన దగ్గరికి మార్పించింది. నిజం చెప్పాలంటే అక్కడ నా బాణాలు బాగా అమ్ముడయ్యాయి. ఆ హుషారులో అమ్మ అప్పుడప్పుడూ కాలు కాస్త వంచి చూసుకునేది.

నా దగ్గర ఒక విల్లు ఉండేది. ఎనిమిది నెలలు తిరిగి సంపాదించాను. అమ్మడానికి కాదు, నలుగురూ చూసి కుళ్లుకోవడానికి అట్టేపెట్టుకున్నాను. ఒకరోజు పొద్దున్న దుకాణం తెరిచి, ఆఫీసు ఫోను వస్తే పెరట్లోకి వెళ్లాను. పావుగంటలో తిరిగొచ్చి చూస్తే విల్లు లేదు. దాని చోట పది ఆపిల్ పళ్లున్నాయి.

"ఎవుడో వచ్చి నిలబడ్డాడు. పళ్లు పెట్టి సూస్తన్నాడు" అంది అమ్మ తాపీగా. "నువ్వు మౌసుతో లాగడం సూసేను కదా, అలాగే ఆ వంకర కర్ర లాగి ఇచ్చేసినాను."

"అది వంకర కర్ర కాదమ్మా! ఎనిమిది నెలలు!"

"తొలి బేరమే. తొలి మనిషిని ఒట్టి సేతుల్తో పంపితే ఆ రోజంతా గంప కదలదు. బోణీకి లాభం సూడకూడదు, మనిషిని సూడాల."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ బేరాలు అయిపోయాయి. ఇంక నా ఆటలో వేలు పెట్టకు" అనేశాను. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజూ ఆ మర్నాడూ కాలు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. నెల తిరగడానికి ఇంక రెండు వారాలే ఉన్నాయి. నేను పోగొట్టింది విల్లు కన్నా పెద్దదని నాకు అర్థమైంది, కానీ ఎలా దిద్దుకోవాలో తెలియలేదు.

మూడో రోజు పొద్దున్న ఆట తెరిస్తే వంతెన దగ్గర నా విల్లు భుజాన వేసుకుని ఆ మనిషి నిలబడి ఉన్నాడు, ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని. నిన్న కూడా వచ్చామని, దుకాణం లేదని, బాణాలూ మందు సీసాలూ కావాలని రాశాడు. వీధి నిండా దుకాణాలుంటే నా దగ్గరికే ఎందుకని అడిగాను. ఇక్కడ మనిషి మంచిదని రాశాడు.

లాప్‌టాప్ పట్టుకెళ్లి అమ్మ మంచం మీద పెట్టి, ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. "తప్పయిపోయిందమ్మా. ఆ మాట అనకూడదు" అన్నాను. ఏడుపొచ్చేసింది.

అమ్మ నా వైపు చూడకుండానే లేచి కూర్చుంది. "ముందు ఆలకి బాణాలియ్యి. మనిషిని నిలబెట్టీకు" అంది.

ఆ రోజు ఒప్పందం చేసుకున్నాం. దుకాణం అమ్మది, మౌసు కూడా అమ్మదే, ఇంగ్లీషు మాత్రం నాది. కొనడానికి ఒక మనిషి వస్తే కాలు పదిసార్లు వంచాలి. మొదటి వారం అరుపులకి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. కొన్నాళ్లు నొప్పికి తాళలేక "ఈయాల జనాలు రాకపోతే బాగుణ్ణు" అనేది, ఎవరైనా వస్తే మాత్రం పళ్లు బిగించి వంచేది. ఆశ పెట్టుకోవడానికి నాకు భయమేసేది. గడువు రోజున కసరత్తుల అమ్మాయి నేల మీద కూర్చుని, తల వంచి, మంచం కిందికి చూసింది. "వచ్చేసింది ఆంటీ! మడమ లోపలికొచ్చేసింది!" అని చప్పట్లు కొట్టింది.

తర్వాత ఇంకో నెల కర్ర పట్టుకుని, ఆపైన కర్ర లేకుండా ఇంట్లో తిరిగింది. ఒకరోజు దుకాణం ముందు మా వాడుక మనిషి నిలబడి ఉండగానే, "రేపు పొద్దున్న నానుండనని సెప్పు ఆడికి" అంది.

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికేటి? సేపలమ్మడానికి."

నేనూ వస్తానంటే ఒప్పుకోలేదు. మర్నాడు ఆటోలోకి ముందు బాగున్న కాలు పెట్టి, రెండో కాలు తనంతట తనే మడిచి లోపలికి లాక్కుంది. ఆ పూట ఉద్యోగం మీదా మనసు నిలవలేదు, ఆట మీదా నిలవలేదు.

మధ్యాహ్నం తిరిగొచ్చింది. గంపలో సగం చేపలు అలాగే ఉన్నాయి. వాడుకల్లో చాలామంది నిజంగానే వేరేవాళ్ల దగ్గర కొంటున్నారట. అమ్మ మొహం చూస్తే మాత్రం వెలిగిపోతోంది.

"నలుగురు నన్ను తిట్టినారే గుంటా" అంది. "ఇన్నాళ్లూ ఏటైపోనావు, ఎందుకు రాలేదు అని, వీధిలో నిలబెట్టి తిట్టినారు."