షాహిదా గొంతు కోసం వరంగల్‌కు మోసుకెళ్లిన మైకులు

మా బ్యాండు చాలా చిన్నది. షాహిదా పాడుతుంది, నవీన్ డోలక్ వాయిస్తాడు, కీబోర్డు నాది. హైదరాబాద్‌లో ఎక్కడ పాడినా సౌండ్ సంగతి హాలు వాళ్లే చూసుకునేవారు. మేము వెళ్లి, పాడి, టీ తాగి వచ్చేసేవాళ్లం. పోయిన ఏడాది షాహిదాకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. తర్వాత చాలా నెలలు ఆమె పాడలేదు. గొంతు తిరిగి వచ్చింది కానీ సన్నగా వచ్చింది, కాస్త ఎత్తి పాడితే చీరుకుపోతోంది. గొంతు మీద బలం పెట్టొద్దని డాక్టర్ మరీ మరీ చెప్పారు. అలాంటి సమయంలో వరంగల్ నుంచి రజిత ఫోన్ చేసింది. అక్కడి కొత్తవాడలో మగ్గాల ఇళ్ల మధ్య షాహిదాతో కలిసి పెరిగిన స్నేహితురాలు. "నా పెండ్లి రిసెప్షన్ల నువ్వే పాడాలె. నువ్వు రాకుంటే పాటలే పెట్టియ్య" అన్నదట. షాహిదా సరేనంది. తర్వాత నన్నడిగింది: "మైకు మంచిగుంటే పాడగలుగుతనక్కా. గా మైకు సంగతి నువ్వు చూస్కుంటవా?" కీబోర్డుకు వైరు గుచ్చడం తప్ప నాకేమీ తెలియదు. అయినా తల ఊపేశాను.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కితే రెండున్నర, మూడు గంటల్లో వరంగల్‌లో దిగొచ్చు. కొత్తవాడకు వెళ్లేవాళ్లు కాజీపేటలో తొందరపడి దిగకండి, మేము దిగబోయాం. సామానులో చిన్న మిక్సర్, మూడు మైకులు, సంచినిండా వైర్లు. దారి పొడుగునా ఫోన్‌లో సౌండ్ పాఠాలు చూస్తూ కూర్చున్నాను. ఒకాయన ఈ బటన్ పెంచమంటాడు, ఇంకొకాయన దాన్ని అసలు ముట్టుకోవద్దంటాడు. జనగామ దాటేసరికి ఎక్కేటప్పుడు తెలిసినంత కూడా తెలియకుండా పోయింది. స్టేషన్ బయట ఆటో అతను మా మైకు స్టాండ్లు చూసి, "ఏందన్నా, షూటింగా?" అని నవీన్‌ను అడిగాడు. "కాదన్నా, పెండ్లి పాటలు" అన్నాడు నవీన్. "అయితే సౌండ్ జర తక్వ పెట్టుండ్రి. మొన్న మా గల్లీల పెట్టిన్రు, చెవుల్ల ఇంక గుయ్యిమంటాంది" అన్నాడు ఆటో అతను. అందరం నవ్వుకున్నాం.

స్పీకర్ బాక్సులు హనుమకొండలో ఒక షాపులో ముందే ఫోన్ చేసి అద్దెకు మాట్లాడాం. రెండు బాక్సులు, స్టాండ్లు, తెచ్చి దించే ఖర్చు అన్నీ కలిపే అద్దె. అది ముందే అడిగి తేల్చుకోవడం మేలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక షాపు యజమాని సమ్మయ్య ట్రాలీ ఆటోలో వాటిని కొత్తవాడలోని రిసెప్షన్ హాలుకు తెచ్చి దించాడు. "మీరు ఇక్కడే ఉంటారు కదా?" అని ఆశగా అడిగాను. "లేదు మేడం, తొర్రూరుల ఇంకో పెండ్లి ఉన్నది. ఫికర్ చెయ్యకుండ్రి, స్విచ్ ఏస్తే మోగుతది" అని వెళ్లిపోయాడు.

స్విచ్ వేస్తే మోగింది. కాకపోతే మోగింది మేము కాదు. తుమ్మెదల గుంపు హాల్లోకి వచ్చినట్టు ఒకటే రొద. రేకుల కప్పు, ఖాళీ గోడలు. ఆ రొద తిరిగి తిరిగి మా మీదికే వస్తోంది. వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ గుచ్చాను. డెకరేషన్ వాళ్లు సీరియల్ బల్బులు ఆపితే రొద ఆగింది. దొరికింది అనుకున్నాను. మళ్లీ బల్బులు వేశారు, రొద రాలేదు. ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు షాహిదా మైకు ఆన్ చేశాను. చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది. ప్లగ్ పాయింట్ మా వెనక గోడకే ఉందని బాక్సులూ వెనకే పెట్టాం. బాక్సులోంచి వచ్చే శబ్దం మళ్లీ మైకులోకే దూరుతోందని నవీన్ అనుమానపడ్డాడు. పక్క మగ్గం ఇంటి నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు అడిగి తెచ్చి, బాక్సులను మాకంటే ముందుకు జరిపాం. కూత ఆగింది. షాహిదా "హలో, హలో" అంటే చివరి గోడ దాకా వినపడింది. నేను చాలా గర్వపడ్డాను.

సాయంత్రం హాలు నిండింది. మొదటి పాట మొదలుపెట్టాం. రెండు లైన్లు పాడేసరికి జనం ఫోన్లలోకి, మాటల్లోకి వెళ్లిపోయారు. షాహిదా పెదవులు కదులుతున్నాయి కానీ పాట వినపడటం లేదు. ఆమె మైకు పెంచాను. ఇంకాస్త పెంచాను. మళ్లీ కూత. తగ్గించాను. బాక్సులు ముందుకు పోవడంతో ఆమెకు తన గొంతు తనకే వినపడటం లేదు, అందుకని బలం పెట్టి ఎత్తింది. చరణం మధ్యలో గొంతు చీలి ఆగిపోయింది. ఆమె మెడ మీద చెయ్యి పెట్టుకుంది. నవీన్ నా వైపు చూశాడు. నేను మిక్సర్ వైపు చూశాను. అన్ని బటన్లలో ఏది తిప్పాలో ఒక్కటీ తోచలేదు. ఈమెను ఇంత దూరం తీసుకొచ్చి, మళ్లీ ఎప్పటికీ పాడనంత భయం పెడుతున్నానేమో అనిపించింది.

ముందు వరుసలోంచి షాహిదా వాళ్లమ్మ లేచి వచ్చింది.

"ఏం బిడ్డా, నువ్వు వాయించే పెట్టె ఇనవడుతాంది, ఈ పిలగాని డోలక్ ఇనవడుతాంది. మా బిడ్డ పాట ఏడుంది?"

"ఆమెది బాగా పెంచానమ్మా. ఇంక పెంచితే అరుస్తోంది."

"గట్లయితే మీయి తగ్గియ్యరాదు?"

ఆ ఆలోచన నాకు రానే లేదు. సాయంత్రం నుంచీ పెంచడం గురించే ఆలోచిస్తున్నాను. నవీన్ డోలక్ ముందున్న మైకు తీసి పక్కన పెట్టేశాడు. నేను కీబోర్డును నాకే సరిగా వినపడనంతగా తగ్గించి, పాట శ్రుతిని రెండు మెట్లు కిందికి దించాను. షాహిదా మైకును పెదవులకు దగ్గరగా పట్టుకుని, "ఎనకున్నోళ్లు జర కుర్చీలు ముందటికి జరుపుకోండ్రి" అంది. హాలంతా కుర్చీలు గీసుకున్న చప్పుడు. తర్వాత ఆమె పాడింది, పక్కన కూర్చున్న మనిషికి కబుర్లు చెప్పినంత మెల్లగా. ఈసారి ప్రతి మాటా వినపడింది.

ఎనిమిది పాటలు అనుకున్నాం, నాలుగే పాడింది. నాలుగోది అయ్యేసరికి రజిత పూలదండతోనే మా దగ్గరికి దిగివచ్చి, షాహిదా చేతిలోంచి మైకు తీసుకుని, "ఇగ చాలు, గొంతు పోగొట్టుకుంటవు. పా, తిందాం" అంది.

మర్నాడు తిరుగు రైల్లో షాహిదాను అడిగాను, "నీ పాట నీకు వినపడిందా?" అని. "లేదక్కా. రజిత మొఖం చూస్కుంట పాడిన" అంది. అది సరైన పద్ధతో కాదో సౌండ్ తెలిసినవాళ్లు చెప్పాలి. అక్కడ జరిగినదాంట్లో సగం నాకు ఇంకా అర్థం కాలేదు. ఆ కూతలు, ఆ రొద తలుచుకుంటే ఇప్పటికీ కంగారుగానే ఉంటుంది. కానీ ఆమె మళ్లీ పాడింది, కిటికీ పక్కన కూర్చుని మెల్లగా కూనిరాగం తీస్తూనే ఉంది. మీరూ ఇలా చిన్న బ్యాండుతో బయల్దేరుతుంటే ఒక్క మాట. "హలో" అనిపించి సరిపెట్టుకోకండి. అందరూ కలిసి నిజంగా ఒక పాట పాడుతుంటే మీలో ఒకరు చివరి వరుసలో కూర్చుని వినండి. పాట వినపడకపోతే, పాడేవారి మైకు పెంచేముందు మిగతావన్నీ తగ్గించి చూడండి.